తలుపుకు అంటించిన కాగితం

చంద్రగిరి మండలంలో ఒక ఊరు, కనుమ ముందురోజు సాయంత్రం. బెంగళూరులో ఉద్యోగం చేసే అల్లుడు పండక్కి వచ్చేసరికి ఇంటి తలుపు మీద పంచాయతీ నోటీసు ఉంది. పెరట్లో కంప పెరిగింది, తొట్టిలో నీళ్ళు నిలిచాయి, వారంలో శుభ్రం చేయించకపోతే పంచాయతీయే చేయించి ఖర్చు వసూలు చేస్తుందని. దాన్ని పీకి, వార్డు మెంబరైన మేనత్త దగ్గరికి తెచ్చాడు. అరుగు మీద అలసంద వడలు తింటూ ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను.

అల్లుడు: తేదీ చూడత్తా. డిసెంబరు 20. నేనొచ్చింది జనవరి 13. ఇరవై నాలుగు రోజులు ఈ కాగితం నా తలుపు మీదుంది. ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు పంచాయతీ ముద్ర వేసి మరీ చెప్పినట్టు కాదా ఇది?

అత్త: దొంగకు కాగితం చదివే పనేముంది నాయనా? ధనుర్మాసమంతా వీధి పొడుగునా ముగ్గులే, మీ వాకిట్లో ఎండుటాకులు. పైగా వరండాలో ఆ బల్బొకటి. రాత్రి వెలిగితే మనుషులున్నారనుకుంటారు. పట్టపగలు కూడా వెలుగుతుంటే ఏమనుకుంటారు?

అల్లుడు: బల్బుకు టైమర్ పెట్టిస్తాలే. కానీ చెప్పాలనుకుంటే ఒక ఫోన్ చెయ్యొచ్చు కదా!

అత్త: సెక్రటరీ రెండుసార్లు చేసినాడు. నువ్వు ఎత్తలేదు.

అల్లుడు: తెలియని నంబర్లు ఎత్తాలంటేనే టెన్షన్ ఈ కాలంలో. సరే, ఆ తప్పు నాదే. పెరడు మాత్రం నాది, పన్ను కడుతున్నా. ముళ్ళకంప ఉంటే గోడ దూకేవాడికే కష్టం, మీకేంటి?

అత్త: ముళ్ళు దొంగకు గుచ్చుకోవు, వాణ్ణి దాచిపెడతాయి. ఆ కంప వెనక నిలబడి కిటికీ ఊచలు కోసినా వీధిలోకి కనబడదు. పోయిన నెల నేను చూడబోతే మీ పెరటి తలుపే నాకు కనబడలేదు! ఇంక ఆ తొట్టి. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ తిరిగి తొట్లు బోర్లించమంటారు. తాళం వేసిన ఇంట్లో ఎవరు బోర్లించాలి? మీ పక్కింటి పిల్లకు డెంగీ వచ్చి తిరుపతి ఆసుపత్రిలో ఐదు రోజులు పడుకుంది.

అల్లుడు: అది నా తొట్టి దోమే అని ఎవరు చెప్పినారు?

అత్త: ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేరు కదా.

(ఇక్కడ అల్లుడు కాసేపు మాట్లాడలేదు. ఒక వడ తీసుకుని, తినకుండా పట్టుకున్నాడు.)

అల్లుడు: సరే, శుభ్రం సంగతి వేరు. కాపలాకు పంచాయతీ ఎందుకు? తాళం వేసిన ఇళ్ళను కనిపెట్టుకునే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది. ఊరికి పోతున్నామని యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెట్టి పోతారు. లోపల మనిషి కదిలితే కంట్రోల్ రూమ్‌కు తెలిసిపోతుంది. డబ్బులు కూడా తీసుకోరు.

అత్త: మంచిదే. అరుణాచలం గిరిప్రదక్షిణకు పోయేవాళ్ళకు నేనే చెబుతుంటా, స్టేటస్‌లో ఫొటోలు తిరిగొచ్చినాక పెట్టుకోండి, ముందు యాప్‌లో చెప్పిపోండి అని. కానీ అది నాలుగు రోజులు పోయి వచ్చేవాళ్ళకు. నీ ఇంట్లో పదకొండు నెలలు కూర్చోబెడితే మిగతావాళ్ళ గతేంటి?

అల్లుడు: దొంగ దొరికితే భారతీయ న్యాయ సంహిత 305 కింద ఏడేళ్ళ దాకా జైలు...

అత్త: దొరికితే! తాళంచెవి నాకివ్వు, వారానికోసారి తలుపు తీసి ఊడ్పిస్తా.

అల్లుడు: పోయినసారి ఇస్తే ఏమైంది? నడిమింట్లో మీ వేరుశనగ మూటలు పెట్టినారు. ఎలుకలు చేరి మా అమ్మ పట్టుచీర కొరికేసినాయి.

అత్త: మనుషులు వచ్చిపోతుంటే ఇల్లు ఖాళీ అని ఎవరూ అనుకోరని పెట్టినా.

(అది నిజం కాదని అరుగు మీద అందరికీ తెలుసు. ఆ ఏడు ఆమె కొట్టం కురుస్తోంది.)

అల్లుడు: సరే, రేపటి సంగతి చెప్పు. రంగంపేట పశువుల పండక్కి ఊరంతా పోతుంది. ఇంటింటికీ తాళమే. అందరి తలుపులకూ నోటీసులు అంటిస్తావా?

అత్త ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు.

అత్త: నువ్వు పోవా?

అల్లుడు: వారం గడువు ఎప్పుడో దాటింది. కంప కొట్టుకోవద్దా?

ఆమె బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది.

అత్త: కొడవలి పశువుల కొట్టంలో ఉంది. మధ్యాహ్నం ఒకసారి మా పెరటి తలుపు కూడా చూడు.

అల్లుడు: మీ నడిమింట్లో మూటలేమైనా పెట్టుకోవచ్చా అత్తా?