ఎడమ బూటులో ఆత్మ

పెట్టె తెరవగానే బూట్ల కంటే ముందు కార్డు కనిపించింది. మందపాటి కాగితం, అంచు చుట్టూ బంగారు గీత. దాని మీద ఇలా ఉంది: "ఈ బూట్లు చేత్తో చేసినవి. వీటిలో మీకు కనిపించే చిన్నచిన్న తేడాలు లోపాలు కావు. అవి చేతిపని సంతకాలు. ఈ బూట్ల ఆత్మ."

కార్డు చదువుకున్నాక బూట్లు చూశాను. కుడిది శుభ్రంగా ఉంది. పాపం, దానికి ఆత్మ లేదు. ఎడమదాని ముక్కు పక్కన, అడుగు అంచు మీద కుట్టు బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి, మలుపు దగ్గర ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకుంది. లెక్కపెట్టాను. ఏడు కుట్లు వంకర. మడమ దగ్గర జిగురు బొట్టు ఒకటి బయటికొచ్చి ఎండిపోయింది. అక్కడ ఆత్మ కాస్త పొంగినట్టుంది.

వేదాంతులు ఇన్ని వేల ఏళ్లుగా ఆత్మ ఎక్కడుంటుందో వెతుకుతున్నారు. హృదయంలో అన్నారు, కనుబొమల నడుమ అన్నారు. ఎడమకాలి బొటనవేలికి రెండంగుళాల దూరంలో ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. తపస్సుతో పని లేకుండా, ఇంటికొచ్చిన పెట్టెలో నాకు దొరికింది.

ఇంత గొప్ప సిద్ధాంతాన్ని ఒక్క బూట్లకే వదిలెయ్యడం భావ్యం కాదని, ఆ వారం నా వ్యాసం పంపేటప్పుడు నేనూ ఒక చీటీ జతచేశాను: "ఇది చేత్తో రాసిన వ్యాసం. మూడో పేరా లేకపోవడం లోపం కాదు, రచయిత సంతకం." సంపాదకుడు సహృదయుడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. పారితోషికం కూడా చేత్తోనే లెక్కపెట్టి పంపుతామనీ, తక్కువగా కనిపిస్తే ఆ వెలితిలోనే లెక్కపెట్టినవాడి ఆత్మను దర్శించమనీ జవాబు రాశాడు.

అసలు ఈ జత "నాకోసమే ప్రత్యేకంగా" తయారైంది. ఆ ప్రత్యేకత ఎలా జరిగిందో చెప్పాలి.

ముందు రంగులు. కాన్యాక్, విస్కీ, బర్గండీ, టొబాకో, ఆక్స్‌బ్లడ్. ఇవి ఈ బూట్ల కంపెనీ ఒక్కటే పెట్టిన పేర్లు కావు, మగవాళ్ల బూట్ల లోకమంతా వాడేవే. నేను చుక్క ముట్టనివాణ్ని, పొగ తాగనివాణ్ని. ఎద్దునెత్తురు సంగతి సరేసరి. అయినా పాదాలు మాత్రం ఏదో ఒక వ్యసనానికి లోబడక తప్పదని అర్థమైంది. విస్కీ నొక్కాను. "అద్భుతమైన ఎంపిక!" అంది తెర. వేలు జారి టొబాకో మీద పడింది. "అద్భుతమైన ఎంపిక!" అంది మళ్లీ. పెళ్లయిన ఇన్నేళ్లలో వరసగా రెండుసార్లు నా ఎంపికను మెచ్చుకున్నది ఆ తెర ఒక్కటే. లేసులు ఏ రంగు, ముక్కు మీద చిల్లుల డిజైను కావాలా వద్దా, నాలుక వెనక పొడి అక్షరాలు ఏమిటి... ఇలా అడుగుతూ పోయింది. ఇన్ని అడిగింది కానీ నాకు కాలు ఎక్కడ నొక్కుకుంటుందో మాత్రం అడగలేదు.

తర్వాత పాదం. తెల్లకాగితం మీద నిలబడి, మన పెన్సిలుతో మనమే పాదం చుట్టూ గీసి ఫొటో పంపాలట. ఎప్పుడైనా ప్రయత్నించారా? నిటారుగా నిలబడితే పెన్సిలు అందదు. వంగితే బరువంతా ముందుకొచ్చి పాదం అప్పడంలా పరుచుకుంటుంది. కూర్చుంటే బరువు లేక ముడుచుకుంటుంది. నేను గోడకి తల ఆనించి, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో నా కాలు నేనే గీసుకుంటుంటే మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నారండీ?"

"బూట్లు కొంటున్నాను."

ఆమె ఇంకేమీ అడగలేదు. తలుపు మాత్రం దగ్గరగా వేసి వెళ్లింది.

గీసింది చూస్తే సముద్రం మధ్య ద్వీపంలా ఉంది, బొటనవేలి దగ్గర చిన్న ఓడరేవుతో సహా. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది కదా అని అప్పుడు మళ్లీ గీశాను. పొద్దుటి ద్వీపానికీ సాయంత్రపు ద్వీపానికీ మధ్య కొంత భూభాగం మీద వివాదం వచ్చింది. నిజాయితీపరుణ్ని కాబట్టి రెండు పటాలూ పంపాను, ఏది ఎప్పటిదో రాసి. నలభై నిమిషాల్లో జవాబొచ్చింది: "మీ పాదాన్ని మా కళాకారులు లోతుగా అధ్యయనం చేశారు. మీది 8వ సైజు."

ఆ 8వ సైజు అనేది ఇంగ్లిషు కొలత. అందులో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు. పాతకాలం నాటి ఆ గింజ నా పాదాన్ని చూడకుండానే చెప్పగలిగే మాటను, కళాకారులు లోతుగా అధ్యయనం చేసి చెప్పారు.

నిజంగా ఒకడి కాలి కోసం బూటు చేసేవాడి పద్ధతి వేరు. రెండు పాదాలూ విడివిడిగా కొలుస్తాడు, ఎందుకంటే ఏ మనిషికీ రెండు పాదాలు అచ్చంగా ఒక్కలా ఉండవు. పొడవు ఒక్కటే కాదు, వేళ్ల మొదళ్ల దగ్గర చుట్టుకొలత, పాదం పైవంపు, మడమ చుట్టూ... అన్నీ తీస్తాడు. ఆ కొలతలకు చెక్కతో రెండు అచ్చులు చెక్కుతాడు. తోలును ఆ అచ్చు మీద లాగి బిగించి బూటు కడతాడు. లోపలి అట్ట తోలులోనే సన్నటి గట్టు చెక్కి, దానికి వంపు తిరిగిన ఆరెతో చిల్లు పొడిచి, అందులోంచి దారం రెండు కొసలనూ ఎదురెదురుగా దూరుస్తాడు. దారమంటే నారపోగులు పేని, తారులాంటి కీలూ తేనెమైనమూ పట్టించిన దారం. దాని కొసకి సూది బదులు అడవిపంది వెంట్రుక ఉంటుంది. వంపు చిల్లులో ఇనుపసూది పోదు, వెంట్రుక ఒంగి పోతుంది. మధ్యలో ఒకసారి తొడిగి చూస్తాడు, నచ్చకపోతే విప్పేస్తాడు. ఇదంతా అయ్యేసరికి వారాలు గడుస్తాయి, ఒక్కోచోట నెలలు.

నా కార్డు వెనకవైపు "చేతిపని, గుడ్‌ఇయర్ వెల్ట్" అని పక్కపక్కనే రాసుంది. వెల్ట్ అంటే బూటు అంచు చుట్టూ కుట్టే పట్టీ. గుడ్‌ఇయర్ వెల్ట్ అన్నది యంత్రం పేరు మీద వచ్చిన పద్ధతి. రబ్బరును పనికొచ్చేలా గట్టిపరిచిన గుడ్‌ఇయర్ కొడుకు, చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్, 19వ శతాబ్దంలో పైకి తెచ్చిన కుట్టుమిషను అది. చేత్తో చెక్కే ఆ గట్టు బదులు అందులో మామూలుగా గుడ్డపట్టీ ఒకటి జిగురుతో అంటిస్తారు. మంచి పద్ధతే, గట్టి బూటే. చేతిపని అనడం మాత్రం మిల్లులో ఆడించిన పిండిని రోట్లో దంచానని చెప్పుకోవడమే.

యంత్రాల మీద నాకేం కోపం లేదు. తోలును అచ్చు మీద లాగి బిగించే పని ఒక్కటీ యంత్రానికి లొంగదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, సురినామ్‌లో పుట్టి అమెరికాలో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన యాన్ మాట్జెలిగర్ అనే నల్లజాతి యువకుడు, చేతిపనివాళ్ల వేళ్ల కదలికలు చూసిచూసి 1883లో ఆ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చెయ్యి రోజుకి యాభై జతలు చేసేచోట అది కొన్ని వందలు చేసింది. 1889లో క్షయతో పోయాడు, ముప్ఫయ్యారేళ్లకే. అతని యంత్రం ఏ రోజూ ఆత్మ ఉందని కార్డు రాయలేదు.

సరే, ఆ ఏడు కుట్ల గురించి కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు: "ఆత్మను గుర్తించినందుకు అభినందనలు. చాలామంది గమనించరు." మరి కుడి బూటుకి ఆత్మ ఎందుకు లేదని అడిగాను. "ప్రతి బూటుకీ తనదైన ప్రయాణం ఉంటుంది." నా ఎడమ మడమ నడుస్తుంటే జారుతోందని, అదీ ప్రయాణంలో భాగమేనా అని అడిగాను. మందపాటి మేజోళ్లు వాడమన్నారు. చెప్పు కోసం కాలు తెగ్గోసుకోమనలేదు, అంతవరకు దయ. మార్చి ఇవ్వమంటే, "ఇవి మీకోసమే ప్రత్యేకంగా చేసినవి కాబట్టి వెనక్కి తీసుకోలేము." ప్రపంచంలో 8వ సైజు పాదాలు నావొక్కడివే కాబోలు.

ఇంతవరకు నవ్వుకున్నాను. ఆ "సంతకం" అనే మాట దగ్గర మాత్రం నవ్వు రావడం లేదు. ఎవరి సంతకమయ్యా అది? బూటు లోపలి అట్ట మీద బంగారు అక్షరాల్లో సంతకం ఒకటుంది. అది కంపెనీ స్థాపకుడిది. ఆయన జీవితంలో ఆరె పట్టుకుని ఉండడు. కుట్టినవాడి పేరు పెట్టె మీద లేదు, కార్డులో లేదు, బూటులో లేదు. నున్నగా వచ్చిన చోటల్లా స్థాపకుడి దార్శనికత, వంకర పోయిన చోట మాత్రం చేతిపనివాడి సంతకం! ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడంటే అర్థముంది. వీళ్లు మద్దెల వాయించినవాడికి కూలీ ఎగ్గొట్టి, అపస్వరానికి మాత్రం అతని పేరు పెడుతున్నారు, ఆ పేరేమిటో కూడా చెప్పకుండా.

చేత్తో కుట్టేవాడు జీవితమంతా నేర్చుకునేది ఒక్కటే, కుట్టుకీ కుట్టుకీ తేడా కనపడకుండా చెయ్యడం. అంగుళానికి పది పన్నెండు కుట్లు పలువరసలా నిలబెట్టడం. అతని గర్వమంతా అందులోనే ఉంది. అలాంటివాడి నెత్తిన వంకర కుట్టు పెట్టి, పైగా అదే నీ ఆత్మ అని ముద్దు చేస్తారా? చౌక జిగురు కొన్నది అతనా? రోజుకి ఇన్ని జతలని గడువు పెట్టింది అతనా? బూటు కొత్తదైతే "కళాకారుడు", అదే బూటు చిరిగిననాడు "చెప్పులు కుట్టేవాడు". అపెలీస్ అనే గ్రీకు చిత్రకారుడి బొమ్మలో చెప్పు తప్పుగా ఉందని ఒక చెప్పుల పనివాడు చెబితే, ఆయన దిద్దుకున్నాడట. మర్నాడు కాలు గురించి కూడా చెప్పబోతే, చెప్పు దాటి పైకి రావద్దన్నాడట. రోమన్ రచయిత ప్లీనీ రాసిపెట్టిన కథ ఇది. ఆ పనివాడి పేరు ప్లీనీ కూడా రాయలేదు. కానీ చెప్పు గురించి మాట్లాడే హక్కయినా అతనికి ఆనాడు ఉంది. ఈనాడు అతని తరఫున కార్డు మాట్లాడుతోంది.

చివరికి బూట్లు పట్టుకుని బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఎడమ బూటు తిప్పి చూసి, అంచు మీద గోటితో ఒకసారి గీశాడు.

"చేతిపని సంతకమట" అన్నాను.

"చెయ్యెక్కడిది సార్? ఇది మిషను కుట్టు. మలుపు దగ్గర బూటు తిప్పేవాడు తొందరపడ్డాడు. జతల లెక్క అయిపోవాలి కదా."

ఏడు కుట్లూ విప్పి, పాత చిల్లులు వదిలేసి పక్కన కొత్తవి పొడిచి, మైనం రాసిన దారంతో మళ్లీ కుట్టాడు. మాటల్లో పడి చూసుకోలేదు. తర్వాత ఎంత వెతికినా ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ ఆపాడో కనిపెట్టలేకపోయాను. మడమ జారుతోందని కూడా చెప్పాను. పెట్టెలో ఏమైనా గట్టి అట్ట ఉందా అని అడిగాడు. కార్డు తీసి ఇచ్చాను. వేళ్లతో నలిపి చూసి, "ఇది బాగుంది సార్, మందంగా ఉంది" అని మెచ్చుకుని, మడమ ఆకారానికి కోసి, లోపలి తోలు కింద అంటించాడు.

ఇప్పుడు జారడం లేదు.