ఆకుపచ్చ గడిలో కూర్చున్న సగటు మార్కు గారికి

మహారాజశ్రీ సగటు మార్కు గారి సముఖానికి,

అనంతపురం సాయినగర్ నుంచి రాయడమేమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఏ వీడియో గేమ్ పేరు వెతికినా ముందు తమరే ప్రత్యక్షమవుతున్నారు, విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైటులో, ఆకుపచ్చ గడిలో, కాలు మీద కాలేసుకుని. కింద ఎవరో పాపం నాలుగు పేజీల సమీక్ష రాసుంటారు. ఎవరిక్కావాలి? "ఎంతొచ్చింది?" అనేది ప్రశ్న. తమరు జవాబు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

మా ఊరికి తమరు కొత్త కాదు. తమరి చుట్టాలు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఫలితాలొచ్చిన మర్నాడు గోడల మీద, ఆటోల వెనక, పిల్లల ఫొటోల కింద కనిపించే ఇంటర్ మార్కులు తమరి పెదనాన్న పిల్లలు. లోన్ కోసం బ్యాంకుకు పోతే మన ముఖం చూడకముందే మేనేజరు చూసే సిబిల్ స్కోరు తమరి మేనత్త. శుక్రవారం మార్నింగ్ షో పూర్తయ్యీ కాకముందే తెలుగు సినిమా నెత్తిన పడే 2.75 మాత్రం సాక్షాత్తూ తమరి తోడబుట్టినవాడు. మూడిస్తే బాగుందన్నట్టు, రెండున్నర ఇస్తే బాగాలేదన్నట్టు, ఏమీ అనకుండా తప్పించుకోవడానికి ఆ ముప్పావు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, మా వైపు పొలం గట్ల పంచాయితీలన్నీ అతనికి అప్పజెప్పొచ్చు.

ఇక అసలు సంగతి. ఇది డెత్ స్ట్రాండింగ్ గురించి. జపాన్‌కు చెందిన హిదియో కొజిమా తీసిన ఆట. మొదటి భాగం 2019 నవంబరు 8న వచ్చింది. కథ భవిష్యత్తులోది. లోకం కుప్పకూలి, జనం ఎక్కడివాళ్లక్కడ నేల కింద తలదాచుకుంటే, సామ్ అనే ఒక మనిషి వీపు మీద సామాన్లు పేర్చుకుని కొండలూ వాగులూ దాటి ఇంటింటికీ అందిస్తూ, తెగిపోయిన ఊళ్లను మళ్లీ కలుపుతూ పోతాడు. బరువు ఒక పక్కకు ఒరిగితే పడిపోతాడు. పడితే సామాను దెబ్బతింటుంది. వాగులో కాలు జారితే పెట్టెలు కొట్టుకుపోతాయి, వెనకాలే మనమూ పరిగెత్తాలి. అక్కడి వానకు ఒక గుణముంది, తగిలిన దాన్నల్లా ముసలిదాన్ని చేస్తుంది. ఆ మాట విని మా మామ నవ్వాడు. "మన కాడ వాన పడకపోతే ముసిలోళ్లవుతాం గదప్పా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా శెనక్కాయ వేస్తున్న మనిషి, ఆయనకు ఆ భవిష్యత్తు పెద్ద వింతేమీ కాలేదు.

మా బామ్మర్దిది ఇంకో సమీక్ష. వాడు పార్శిళ్లు డెలివరీ చేస్తాడు. పాతూరు సందుల నుంచి రుద్రంపేట దాకా, ముందొక సంచి, వెనకొక సంచి, మధ్యలో వాడు. కాసేపు నిలబడి చూసి, "పొద్దుననంగా పోయి సందేళకు నేను జేసొచ్చేది ఇదే గదా బావా. దీనికి మనమే దుడ్లు ఎదురిచ్చి కొనాల్నా?" అని అడిగాడు. తమరు నమ్మరేమో, ఆ ఆట మీద విసుగొచ్చిన విమర్శకులు పేజీలకు పేజీలు రాసింది కూడా ఇదే. కాకపోతే వాళ్లది మంచి ఇంగ్లీషు.

అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దిన తీరు చూడండి. జపాన్ పత్రిక ఫామిట్సులో నలుగురు సమీక్షకులు తలా పది చొప్పున వేస్తారు. ఆ నలుగురూ పదికి పది వేశారు, మొత్తం 40కి 40. ఆటల మీద సమీక్షలు రాసే సైటు ఐజీఎన్ పదికి 6.8 ఇచ్చింది. అలాంటిదే అయిన గేమ్‌స్పాట్ 9 ఇచ్చింది. ఒకరికి అది ఒంటరితనం మీద గొప్ప రచన, ఇంకొకరికి కూలి పని. ఇలా జుట్లు పట్టుకున్న మనుషులందర్నీ పిలిచి, కలిపి, భాగించి, మెటాక్రిటిక్‌లో తమరు నూటికి 82గా వెలిశారు.

స్వామీ, ఈ 82 ఎవరి అభిప్రాయం? 82 అంటే 'బాగానే ఉందిలే' అని. ఆ ఆటను 'బాగానే ఉందిలే' అన్న మనిషి నాకింతవరకు తగల్లేదు. నెత్తిన పెట్టుకున్నవాళ్లు తగిలారు, నాలుగ్గంటలకే అమ్మేసినవాళ్లు తగిలారు. ఉన్న తగాదాను మాయం చేసి, లేని రాజీని అచ్చేసినందుకు తమరికి అభినందనలు.

పైగా తమరి లెక్క కూడా మామూలు లెక్క కాదట. కొన్ని పత్రికల మార్కులకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు. ఎవరికెంత అనేది బయటకు చెప్పరు. రంగుల్లోనూ పక్షపాతమే. సినిమాకు 61 వస్తే 'బాగుంది' అనే ఆకుపచ్చ, ఆటకైతే 75 రావాలి. సినిమా ముందు పుట్టింది కాబట్టి పెద్దకొడుకు వాటా కాబోలు.

ఇది ఉత్త సరదా అయితే నేనూ ఊరుకునేవాణ్ని. తమరి వల్ల జీతాలు మారతాయి. 2010లో ఫాల్అవుట్: న్యూ వేగస్ వచ్చింది, అదీ భవిష్యత్తు ఆటే, అదీ ఒక వరసలో వచ్చిన భాగమే. తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు ఒప్పందం ఏమిటంటే, మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్. వచ్చింది 84. ఈ సంగతి అప్పట్లో ఆ సంస్థ పెద్దల్లో ఒకరైన క్రిస్ అవలోనే 2012లో బయటపెట్టారు. ఒక్క మార్కు! అదీ ఎవరి బరువు ఎంతో చెప్పని లెక్కలోంచి. ఆ ఆటను జనం ఇప్పటికీ ఆడుతున్నారు, దాని మీద వాదించుకుంటున్నారు. ఆ 84ను మాత్రం బోనస్ పోయిందన్న కథ కోసమే తలుచుకుంటున్నారు.

విమర్శకుల మార్కులు వద్దు, అదే సైటులో జనం వేసే మార్కులే నిజమంటారా? 2020లో ద లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట రెండో భాగం జూన్ 19న వచ్చింది. పూర్తి చేయడానికి ఇరవై గంటలు దాటి పడుతుంది. సున్నాలు మాత్రం మొదటి రోజే కుప్పలు పడ్డాయి. విమర్శకుల దగ్గర 93, జనం దగ్గర మొదట్లో పాసు మార్కులకే దిక్కులేదు. చివరికి ఆ సైటువాళ్లే, ఆట విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు వేయకూడదని రూలు పెట్టారు. మన దగ్గర సినిమావాళ్లు విడుదలైన సినిమా మీద కొన్నాళ్లు సమీక్షలు రాకుండా చూడాలని అడుగుతుంటే నవ్వుతాం గానీ, ఆ రోగం అన్నిచోట్లా ఉంది.

రెండో భాగానికి వస్తాను. డెత్ స్ట్రాండింగ్ 2: ఆన్ ద బీచ్ 2025 జూన్ 26న, టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 5లో వచ్చింది. ఈసారి సామ్ మెక్సికోలో మొదలుపెట్టి ఆస్ట్రేలియా చేరతాడు. ఎర్రమట్టి, ఇసుక గాలి, కార్చిచ్చు, భూకంపాలు, ఉన్నట్టుండి వరదలు. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు ఇసుక దిబ్బలు చూసినవాళ్లెవరైనా మొదటి అరగంటలోనే "ఇది మనదే" అంటారు. ఆ దృశ్యాలను విమర్శకులు పొగిడారు, నటనను పొగిడారు, సంగీతాన్ని పొగిడారు, పోరాటాలు మెరుగయ్యాయన్నారు. కథను మరీ విడమరచి చెబుతున్నారని కొందరు సణిగారు, మొదటిదానికి ఇది నునుపు చేసిన రూపమేనని ఇంకొందరు అన్నారు. ఇంత విన్నాక తమరు 90కి అటూ ఇటూగా స్థిరపడ్డారు. ఇదే బామ్మర్ది, ఇదే మోత, ఇవే పెట్టెలు. ఆరేళ్లలో ఏడెనిమిది మార్కులు పెరిగాయి. ట్యూషన్ పెట్టించారా?

పెట్టించారనే నాకు అనుమానం. మొదటి ఆటకు అమెరికాలో తక్కువ మార్కులు పడ్డప్పుడు, అక్కడ తుపాకీ ఆటలు ఇష్టపడేవాళ్లు ఎక్కువని, వాళ్లకిది అంత తేలిగ్గా ఎక్కదన్నట్టు కొజిమా ఒక ఇటలీ ఇంటర్వ్యూలో మాట్లాడారు. రెండో భాగంలో తుపాకులు త్వరగా చేతికొస్తాయి, బండ్లు ఇంకా త్వరగా వస్తాయి. ఇందులో తమరి ప్రమేయం ఏమీ లేదనే అనుకుందాం. నా మట్టుకు నాకు రెండోది ఆడుతున్నంతసేపూ హాయిగా ఉంది, అదే నా ఫిర్యాదు కూడా. మొదటిదాంట్లో ఒక కొండ ఎక్కాలంటే ముందు కూర్చుని ఆలోచించాలి: నిచ్చెనలు ఎన్ని తీసుకోవాలి, తాడు ఎక్కడ కట్టాలి, ఈ బరువుతో ఆ ఏటవాలు దిగగలనా అని. దిగాక ఇంకెవరో ఆటగాడు ముందే వేసిపోయిన వంతెన కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. రెండోదాంట్లో బండెక్కి పోతే చాలాచోట్ల పనైపోతుంది. మా బామ్మర్దికి మాత్రం రెండోదే నచ్చింది. "బండి ఇచ్చినారు గదా, ఇప్పుడు న్యాయంగా ఉంది" అన్నాడు. వాడి మాటా సబబే. ఈ ఇద్దరి మాటల్లో ఏది తమరి ఏడెనిమిది మార్కుల్లో ఉందో కాస్త చూపించండి.

ఇంకో ముచ్చట వినండి, ఇది తమరికి కాస్త గుచ్చుకుంటుంది. ఈ ఆటకు పాటలు చేసిన ఫ్రెంచి సంగీతకారుడు వుడ్‌కిడ్, రోలింగ్ స్టోన్ పత్రికతో ఒక విషయం చెప్పారు. ఆట తయారీ మధ్యలో కొందరితో ఆడించి చూస్తే, అందరికీ తెగ నచ్చేసిందట. కొజిమా దిగులుపడి, అందరికీ ఇంత తేలిగ్గా నచ్చిందంటే ఎక్కడో తేడా ఉందని, కొన్ని మార్చాలని అన్నారట. జనం మొదట ఇష్టపడకపోయినా మెల్లగా ఇష్టపడాలి గానీ, ముందే నమిలిపెట్టినట్టు ఉండకూడదని ఆయన పట్టుదల. ఇదే మాట మన ఫిల్మ్‌నగర్‌లో ఏ నిర్మాతకైనా చెప్పి చూడండి, "సార్, ప్రివ్యూ అందరికీ నచ్చింది, అందుకే సెకండాఫ్ మార్చేద్దాం" అని. అంబులెన్స్ ముందే పిలిపించి చెప్పండి.

అంతా మార్చాక కూడా మళ్లీ అందరికీ నచ్చింది, తమరు మళ్లీ ఆకుపచ్చగా వచ్చి కూర్చున్నారు. పాపం, ఆ మనిషికి ఆ రోజు అన్నం సయించిందో లేదో.

ఇక తెలుగునాట ఈ ఆటకు దొరికిన ఆదరణ గురించి తమరికి తెలిసి ఉండదు. ఇక్కడ ఎవరూ 90 గురించి రాయలేదు. రాజమౌళి గారూ, ఆయన కొడుకు కార్తికేయా అందులో కనిపిస్తారన్నదే వార్త. సాహసికుడు, సాహసికుడి కొడుకు అనే పాత్రలు. సామ్ పోయి వాళ్లకూ సామాను అందించాలి. అంతే, ప్లేస్టేషన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా "మన జక్కన్న గేమ్ వచ్చిందంటనే" అన్నారు. అయిదు వేల దాకా పెట్టి కొన్న ఒక మిత్రుడు, అసలు కథ పక్కనబెట్టి రాజమౌళి గారి ఆశ్రయం కోసమే వెతికాడు. దొరికాక ఒక ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుని, ఆట ఆపేశాడు. వాడి సంతృప్తికి నూటికి నూరు. సగటులో కలుపుకుంటారా?

తమరు గమనించారో లేదో, ఆ ఆట లోపల కూడా మార్కులున్నాయి. సామాను అందిస్తే లైకులిస్తారు. నేను వేసిన నిచ్చెన ఎక్కడో ఇంకొకరికి పనికొస్తే వాళ్లూ లైకు కొడతారు. నచ్చలేదని చెప్పే మీట మాత్రం లేదు. పనికిరాని చోట వంతెన కట్టినవాణ్ని ఎవరూ తిట్టలేరు, తిట్టాలంటే లైకు ఇవ్వకుండా దాటిపోవాలి. ఇలాంటి ఆటకు పైన కూర్చుని తమరు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూస్తున్నారు.

తమరిని పదవి దిగమని అడిగేంత అమాయకుణ్ని కాను. అంత డబ్బు పెట్టి కొనేముందు ఆడి చూసే సౌకర్యం మా ఊళ్లో లేదు, తమరు తప్ప దిక్కు లేదు. కాకపోతే ఒక్క మనవి. ఒంటరిగా రాకండి. తమరి పక్కన, అదే సైజు అక్షరాల్లో, అన్నిటికంటే ఎక్కువ వేసినవాడి మార్కూ, తక్కువ వేసినవాడి మార్కూ, చెరొక వాక్యం కారణంతో పెట్టించండి. మొదటి ఆటకు అలా పెట్టి ఉంటే, అది నా లాంటివాడి ఆటా, మా బామ్మర్ది లాంటివాడి ఆటా అన్నది అర నిమిషంలో తేలిపోయేది.

ఇట్లు,
తమరిని ముందు చూసి, సమీక్ష తర్వాత చదివే
అనంతపురం ఆటగాడు

తా.క.: బామ్మర్ది ఇందులో ఒక అర్జీ కూడా కలపమన్నాడు. పోయిన వారం కమలానగర్‌లో ఒకావిడ వాడికి ఒక్క స్టారు ఇచ్చింది. పెట్టె సమయానికే అందింది, చెక్కుచెదరలేదు. లోపల చీర రంగు ఫొటోలో ఉన్నట్టు లేదట. వాడి సగటు పడిపోయి, రావాల్సిన ఇన్సెంటివ్ ఆగింది. ఆ స్టారు చీరకు చెందుతుందని, డెలివరీ చేసినవాడికి కాదని, తమరి చుట్టరికం ఉపయోగించి అక్కడివాళ్లకు ఒక మాట చెప్పించగలరు. చీర ఫొటో, పెట్టె ఫొటో రెండూ వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి.