ఆనపపువ్వు పంచాయితీ

నన్ను చూస్తే మా అపార్ట్‌మెంట్ పిల్లలు లిఫ్ట్ ఎక్కడం లేదు. కారణం మేడ మీది నా ఆనపపాదు.

గ్రో బ్యాగులు, కోకోపీట్, వేపపిండి, పందిరికి నైలాన్ వల... ఆ డబ్బుతో రైతుబజారు సగం కొనొచ్చు, అది వదిలేయండి. పాదు పాకింది, పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోతున్నాయి. ఆనపపువ్వు విప్పేది పొద్దుగూకాక. ఊళ్ళో అయితే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి చేరవేస్తాయి. హైదరాబాద్‌లో ఐదో అంతస్తు దాకా ఎగిరే ఓపిక వాటికీ లేనట్టుంది. అందుకని మగపువ్వు కోసి, రెక్కలు వలిచి, వెనక పిందె ఉన్న ఆడపువ్వుకి మనమే రాయాలి. రెండు చేతులూ కావాలి కాబట్టి టార్చి వెలిగించిన ఫోను పళ్ళతో కరిచిపట్టాను.

"ఎవరది?" అన్నాడు వాచ్‌మన్.

"ఊ... ఊఊ" అన్నాను.

పాపం, అతని వైపు నుంచి చూడండి. అమావాస్య. పందిరి కింద ఎవరో గొంతుక్కూర్చున్నారు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు. ఒక చేతిలో తెల్లపువ్వు, ఇంకో చేతిలో ఎర్రదారం (ఏ పువ్వుకి రాశామో గుర్తుకి కాడకు కడతాం). చుట్టూ బూడిద, పెంకుపురుగులకి మా నాయనమ్మ కాలం నాటి మందు. పాదు మొదట్లో కోడిగుడ్డు పెంకులు. పేరడిగితే మూలుగు.

కాసేపటికి సెక్రటరీ గారు, వెనకాల సగం అపార్ట్‌మెంట్.

"ఏం చేస్తున్నారండీ ఈ టైంలో?"

"ఇది మగపువ్వండీ. దీన్ని ఆడపువ్వు మీద..."

"పిల్లలున్నారు, కాస్త చూసి మాట్లాడండి!"

ఆ తర్వాత ఉపన్యాసం. మన అపార్ట్‌మెంట్‌లో మూఢనమ్మకాలు కుదరవట. ఎవరంటున్నారు? ద్వారానికి బూడిదగుమ్మడికాయ, కారుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్న మనిషి! చేతబడి అనే మాట ఆయన అనలేదు, కానీ ఎర్రదారాన్ని చెప్పుతో పక్కకి జరిపాడు.

మూడో అంతస్తు మామ్మగారు మాత్రం నింపాదిగా వచ్చి చూశారు. "మా కోనసీమలో పాక మీదకి ఎక్కిస్తే అవే కాసేవి నాయనా, ఎవరూ దగ్గరుండి జరిపించలేదు" అంటూనే నా చేతిలో పువ్వు లాక్కుని, మిగిలిన రెండిటికీ ఆవిడే రాసేశారు. లేత కాయ ఒకటి తనకట, పాలు పోసి వండుకోవడానికి.

తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో నోటీసు: సాయంత్రం 6 తర్వాత మేడకి తాళం. కింద వరసగా బొటనవేళ్ళు. ఆనపే కాదు, బీరపువ్వు కూడా సాయంత్రమే విప్పుతుందండీ అని మర్యాదగానే రాశాను. సెక్రటరీ గారి జవాబు వెంటనే వచ్చింది: "అయితే పొద్దున్నే పూసేవి వేసుకోండి. బూడిదగుమ్మడి బెస్టు. ఒక కాయ మాకు పంపండి, గుమ్మానికి కట్టింది కుళ్ళిపోయింది."