పొద్దున లేస్తే బండి ఎటు ఒరిగిందో చూసుకోవాలి

మళ్లీ కుంగింది. రాత్రి హన్మకొండలో ఇంటి ముందు బాగానే నిలబెట్టిన మా సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు, పొద్దున చూస్తే ముందు ఎడమ పక్క టైరు మీద కూర్చుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు కూడా దూరడం లేదు! ఎయిర్ సస్పెన్షన్‌లో, అంటే స్ప్రింగులకు బదులు బండిని మోసే గాలి సంచుల్లో, రబ్బరు పగిలి గాలి పోతోందట. ఆ పోయే గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోయింది. ఒకటి పాడైతే రెండోదీ పోవాలా?

ఎనిమిదేళ్ల బండి, కొత్తదాని ధరలో మూడో వంతుకే వస్తోందని కొన్నాం. బండి ధర తగ్గింది సరే, స్పేర్ పార్టుల ధర ఎవరు తగ్గించారు? ఈ మాట అమ్మేటప్పుడు ఒక్కరైనా చెప్తారా?

డీజిల్ బండి కాబట్టి ఇంకో టెన్షన్. కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా రోజూ తిప్పితే డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. పొగ బాగా వేడెక్కితేనే ఆ ఫిల్టర్‌లోని మసి కాలుతుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఊళ్లో ఎక్కడ వేడెక్కుతుంది? హైవే మీద అరగంట తోలుకు రమ్మంటారు. డీజిల్ ఎవరు పోస్తారు?

మా దగ్గరి షెడ్డులో ఎవరూ ముట్టుకోరు. దాదాపు 150 కిలోమీటర్లు, హైదరాబాద్‌కే పోవాలి. కుంగిన బండిని నడపకూడదు, టోయింగ్ ఖర్చు వేరే. వారం తర్వాత అక్కడి షెడ్డు నుంచి ఫోన్: "సార్, రెండో పక్కది కూడా మార్చాలి." మొదటి రోజే చెప్పొచ్చు కదా! ఇన్సూరెన్స్ అడిగితే, అరుగుదలకు రాదంటారు.

ఈరోజు నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం.