పాతదే బాగుపడితే ఎలా?

కొత్త కంప్యూటర్ కొనాలంటే కనీసం ఆరు నెలలు సణగాలి. ఆన్ చేసి స్నానానికి వెళ్లి, వచ్చి, పూజ కూడా ముగించి, "ఇంకా తెరుచుకోలేదు" అని ఇంటిల్లిపాదికీ వినపడేలా నిట్టూర్చాలి. ఇంత తపస్సు చేశాక, ఫలం చేతికందే వేళ మా 2018 నాటి డబ్బా బాగుపడింది. ఈ అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేకతప్పదు.

నా ప్రణాళికలో లోపం లేదు. మొదట ప్రాసెసర్ ఒక్కటే మార్చాలనుకున్నాను. కొత్త ప్రాసెసర్ పాత మదర్‌బోర్డు సాకెట్‌లో కూర్చోదట. సరే, బోర్డు. ఆ బోర్డుకు డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ కావాలి. మా డీడీఆర్4 దాని గాడిలో దిగదు. ఇంత చేసి గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే బాజా లేని పెళ్లే. ఆ కార్డును మోసే శక్తి, లోపలి భాగాలకు కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్‌కు లేదు. పదిహేను వేలతో బయలుదేరిన లెక్క, నా ప్రమేయం లేకుండానే, లక్ష దాటింది. ఇంతకీ ఈ యంత్రంతో నేను చేసేది వ్యాసాలు టైపు చేయడం, కరెంటు బిల్లు కట్టడం, రైలు టికెట్ దొరకలేదని తెలుసుకోవడం.

ముందు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో చూపిద్దామంది మా ఆవిడ. అక్కడి కుర్రాడు, ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాడు. ప్రాసెసర్ 9 శాతం, హార్డ్‌డిస్క్ 100 శాతం. "ప్రాసెసర్ ఖాళీగానే ఉంది సార్, డిస్కే అందించలేకపోతోంది" అన్నాడు. నిమిషానికి 7200 సార్లు తిరిగే కష్టజీవిని ఊడదీసి, అన్నీ చిప్పుల్లోనే దాచుకుంటూ కదలనైనా కదలని ఎస్‌ఎస్‌డీ బిగించాడు. ఫ్యాన్‌లో దుమ్ము దులిపాడు. దిండుకు సరిపోయేంత వచ్చింది. అంతా కలిపి మూడు వేల లోపు. ఇప్పుడది ఆన్ చేస్తే తువ్వాలు వెతుక్కునే లోపే తెరుచుకుంటోంది.

చివరి అస్త్రంగా ఆ కుర్రాడి మీద విండోస్ 10 ప్రయోగించాను. 2025 అక్టోబర్ 14తో దానికి మద్దతు ముగిసింది కదా, విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి కదా అన్నాను. మాది సరిగ్గా ఎనిమిదో తరం. ఒక్క తరం ముందు పుట్టి ఉంటే నన్ను గట్టెక్కించేది. మరి విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు, టీపీఎం 2.0? అదీ ఉందట, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయాస్‌లో నిద్రపోతోందట. లేపాడు.

ఇక ఆశలన్నీ మానిటర్ మీదే. నిన్న ఒక మూల చిన్న నల్లచుక్క కనిపించింది. మా ఆవిడను పిలిచి చూపించాను. కొంగుతో తుడిచింది. పోయింది.