మేక ఈనేటప్పుడు లాగడానికి తొందర, పిల్లకి పాలివ్వడానికి ఆలస్యం: ఈ రెండూ మానండి

విశాఖ దగ్గర భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు ఇంటి వెనక నాలుగైదు మేకలు కట్టుకున్నవాళ్లు చాలామందే. వాటిలో ఒకటి ఈనే రోజు మన ఊళ్లలో జరిగేది చూస్తే కడుపు మండుతుంది. కాళ్లు కనబడగానే ఎవరో ఒకరు పట్టుకుని లాగేస్తారు. పిల్ల పడ్డాక మాత్రం మావి పడేదాకా దాన్ని పొదుగు దగ్గరకి రానివ్వరు. మొదటి పనితో తల్లి పోతుంది, రెండోదానితో పిల్ల పోతుంది.

పోతు దాటిన తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. మేక దాదాపు 150 రోజులు మోస్తుంది, అయిదు రోజులు అటూ ఇటూ. మృగశిర వానలకి చూలు కట్టినవి కార్తీకంలో ఈనుతాయి. విశాఖలో అది తుఫాన్ల కాలం. శాల నేల తడిగా ఉండి ఈదురుగాలి కొడితే, తడిసిన పిల్ల చూస్తుండగానే చల్లబడిపోతుంది. పొడి వరిగడ్డి, గాలికి అడ్డంగా కట్టడానికి గోనెసంచులు ముందే దాచాలి.

తోక మొదట్లో రెండు పక్కలా వేళ్లకి తగిలే గట్టి నరాలు రోజూ తడిమి చూడండి. అవి మెత్తబడి తగలకుండా పోతే సాధారణంగా ఒక రోజులో ఈనుతుంది. పొదుగు బిగుస్తుంది, వెనక జిగురు తీగలా వేలాడుతుంది. మేక నేల గీరుతూ, లేస్తూ పడుకుంటూ గంటలు గడుపుతుంది. తొలిచూలుదైతే 12 గంటలు కూడా పట్టొచ్చు. ఈ దశలో మన పని దూరంగా ఉండడమే. చుట్టూ జనం మూగితే అది బెదిరి ఆలస్యం చేస్తుంది.

గట్టిగా ముక్కడం మొదలైన నిమిషం నుంచి మాత్రం గడియారం చూడాలి. అరగంట ముక్కినా ఏమీ బయటికి రాకపోతే లోపల చిక్కుంది. గోళ్లు కత్తిరించి, గాజులు, ఉంగరాలు తీసి, మోచేతిదాకా సబ్బుతో కడిగి, గ్లవ్స్ వేసుకుని, లిక్విడ్ పారాఫిన్ రాసి చేయి పెట్టాలి. బట్టల సబ్బు నురగ వద్దు, లోపలి పొర మండిపోతుంది.

సరిగ్గా వచ్చే పిల్లకి రెండు ముందు కాళ్లు, వాటి మీద ఆనించిన ముక్కు చేతికి తగులుతాయి. కాలు దొరికితే అది ముందుదో వెనకదో తేల్చుకోండి. గిట్ట నుంచి పైకి తడిమితే మొదటి రెండు కీళ్లూ ఒకే వైపు వంగితే ముందు కాలు, ఎదురెదురుగా వంగితే వెనక కాలు. వెనక కాళ్లు రెండూ ముందు రావడం ప్రమాదం కాదు. అయితే పిరుదులు బయటపడ్డాక జాగు చేయకూడదు, బొడ్డు నలిగి పిల్లకి లోపలే ఊపిరాడదు.

రెండు కాళ్లూ ఉండి తల లేకపోతే అది వెనక్కి తిరిగిపోయినట్టే. ఇప్పుడు లాగితే మెడ ఇంకా మడతపడుతుంది. నొప్పి తగ్గిన సందులో పిల్లని లోపలికి నెట్టి, ముక్కు పట్టుకుని దారిలోకి తిప్పాలి. మడిచిన కాలు సరిచేసేటప్పుడు గిట్టని అరచేతిలో మూసి తేవాలి, లేకపోతే గర్భసంచి చిరుగుతుంది. కవలలుంటే చేతికందిన రెండు కాళ్లూ ఒకే పిల్లవో కాదో భుజందాకా తడిమి చూడండి. లాగాల్సి వస్తే తల్లి ముక్కినప్పుడే, కిందికి వంపుగా.

పది నిమిషాల్లో సర్దుకోకపోయినా, గర్భసంచి ద్వారం రెండు వేళ్లకి మించి తెరుచుకోకపోయినా చేయి తీసేసి డాక్టర్‌ని పిలవండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. దయచేసి దుకాణంలో దొరికిన, నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ (ఆక్సిటోసిన్) పొడవొద్దు. పిల్ల అడ్డంగా ఉన్నా, ద్వారం మూసుకుని ఉన్నా ఆ మందుతో గర్భసంచి పగిలిపోగలదు. అడిగిన ప్రతివాడికీ ఆ సీసా అమ్మడం నేరంగానే చూడాలి.

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి, గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెట్టండి, తుమ్మి ఊపిరి తీసుకుంటుంది. కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పకండి. బొడ్డుని టించర్ అయోడిన్‌లో ముంచండి. పేడ, పసుపు, బూడిద రాయొద్దు, ధనుర్వాతం వచ్చే దారి అదే. తల్లిని నాకనివ్వండి.

ఇక ముర్రుపాలు. పిల్లకి పుట్టుకతో రోగాన్ని ఆపే శక్తి దాదాపు ఉండదు, ఆ పాలలోంచే రావాలి. ఆ శక్తిని గ్రహించే గుణం పిల్ల పేగుకి గంట గంటకీ తగ్గిపోతుంది, 24 గంటలకి ఇంచుమించు ఆగిపోతుంది. మావి పడడానికి 12 గంటలు పట్టొచ్చు. అందాకా ఆపితే పిల్లకి మిగిలేది ఉత్త పాలే. పైగా పిల్ల చీకితే గర్భసంచి ముడుచుకుని మావి త్వరగా పడుతుంది. చనుమొన చివర మైనంలాంటి బిరడా ఉంటుంది, అది వచ్చేదాకా రెండు ధారలు పిండి పారేసి, గంటలోపు పిల్లని అందించండి. రెండు కిలోల పిల్లకి మొదటి రోజు 200 మిల్లీలీటర్లు అందాలి. ముందు దాని నోట్లో వేలు పెట్టి చూడండి, చల్లగా ఉంటే వెచ్చబరిచాకే పాలు. జున్ను మీద ఆశుంటే పిల్ల కడుపు నిండాక మిగిలింది వండుకోండి.

మావిని లాగొద్దు, దానికి బరువు కట్టొద్దు. 24 గంటలైనా పడకపోతే డాక్టర్ పని. పడ్డదాన్ని కుక్కలకి వేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. చూలు పోగొట్టే బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం ఉన్న మేకైతే ఉమ్మనీటి నుంచి, మావి నుంచి మనుషులకీ సోకుతుంది. అందుకే గర్భిణులని ఈ పనికి పంపకండి.

ఈనడానికి నెల ముందు చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చచ్చే జబ్బు) టీకా, ధనుర్వాతం టీకా వేయించమని మీ సచివాలయం పశుసంవర్ధక సహాయకుడిని అడగండి. తల్లికి వేసింది ముర్రుపాలలో పిల్లకి దిగుతుంది.