ఆ ఫార్వర్డ్‌ను నమ్మి కౌంటరు వెనక నిలబడకండి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. ఫ్రిస్కో నుంచి ఒకరు, ఇర్వింగ్ నుంచి ఒకరు, నిన్న మా దూరపు బంధువుల అబ్బాయి. అందరూ దాని కింద రాసేది ఒకే మాట: "అన్నా, ఇది నిజమేనా?" ఎంతమందికని విడివిడిగా జవాబు రాయను? రెస్టారెంట్‌లో కొత్తగా చేరినవాళ్ళకు బార్ పని నేర్పడం నా ఉద్యోగంలో భాగం. ఈ సందేశాన్ని నమ్మి వచ్చిన పిల్లల చేత అందులోని మాటలు మరిపించడానికే నాకు సగం సమయం పోతోంది. అందుకే ఒకేసారి ఇక్కడ రాస్తున్నాను.

సందేశం సారాంశం ఇది. టెక్సాస్‌లో మద్యం అమ్మేవారికి, వడ్డించేవారికి ఉండే టీఏబీసీ శిక్షణ పరీక్షకు చదవనవసరం లేదు, జతచేసిన పీడీఎఫ్‌లో జవాబులన్నీ ఉన్నాయి. ఒకసారి రాస్తే అమెరికా అంతటా చెల్లుతుంది. పాసైతే ఇచ్చే కార్డు చేతికొస్తే గ్యాస్ స్టేషన్‌లోనైనా రెస్టారెంట్‌లోనైనా పని చేసుకోవచ్చు, విద్యార్థులకూ ఇబ్బంది లేదు. కస్టమర్‌కు మత్తు ఎక్కువైతే కాఫీయో నిమ్మరసమో ఇస్తే దిగిపోతుంది. తల్లిదండ్రులు పక్కన ఉంటే పిల్లలు తాగినా తప్పు లేదు. చివరగా, లావు అక్షరాల్లో: "కార్డు మీకు రక్షణ. ఏదైనా జరిగితే కేసు యజమాని మీదికే పోతుంది."

అమెరికా అంతటా చెల్లుతుందన్నది రెండు నిమిషాల్లో తేలిపోయే అబద్ధం. టీఏబీసీ అంటేనే టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్. కాలిఫోర్నియాలో ఆర్‌బీఎస్ అని వేరే శిక్షణ, దాని తర్వాత రాష్ట్ర శాఖ పెట్టే వేరే పరీక్ష ఉన్నాయి. శిక్షణ ముగిసిన 30 రోజుల్లో మూడు అవకాశాలే ఇస్తారు. ఇల్లినాయ్‌కి బాసెట్, వాషింగ్టన్‌కి మాస్ట్. టెక్సాస్ కార్డు టెక్సాస్‌లోనే పనికొస్తుంది, అదీ రెండేళ్ళే.

పీడీఎఫ్ సంగతి. పరీక్ష సులువేనన్న మాటతో నాకు పేచీ లేదు. 70 శాతం వస్తే పాస్, ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో రాసుకోవచ్చు. ఇంకో నిజం కూడా చెబుతాను: టెక్సాస్‌లో ప్రతి సర్వరుకూ ప్రతి క్లర్కుకూ ఈ కార్డు ఉండి తీరాలని రాష్ట్ర చట్టం నిర్బంధించదు. అడిగేది యజమానులు. ఎందుకు అడుగుతారో కింద వస్తుంది. కానీ అంత సులువైన పరీక్షకు దొంగ జవాబులెందుకు? పైగా ఆ జవాబులైనా సరైనవా? ఆదివారం దుకాణాల్లో బీరు, వైను మధ్యాహ్నం 12 నుంచి అమ్మవచ్చని ఆ పీడీఎఫ్‌లో ఉంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి అది ఉదయం 10. రెస్టారెంట్‌లో మాత్రం ఆదివారం 10 నుంచి 12 దాకా భోజనంతో పాటే ఇవ్వాలి. ఈ తేడా పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు. అది బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినవాడు ఆదివారం పదకొండింటికి ఒట్టి బీరు అడిగిన బల్ల దగ్గర ఏం చేస్తాడు?

ఇక లావు అక్షరాల మాట. మిగతావన్నీ తప్పులైతే ఇది ప్రమాదం.

కార్డు రక్షణే. కానీ ఎవరికి? యజమానికి. టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్‌లో 106.14 అనే సెక్షన్ ఉంది. ఉద్యోగి మైనర్‌కో (ఇక్కడ మద్యం విషయంలో మైనర్ అంటే 21 నిండనివారు) మత్తులో ఉన్నవాడికో మద్యం అమ్మితే, ఆ పనిని మూడు షరతుల మీద యజమానికి అంటగట్టకూడదని అది చెబుతుంది. యజమాని తన ఉద్యోగులు గుర్తింపు పొందిన శిక్షణకు వెళ్ళాలని నియమం పెట్టి ఉండాలి. ఆ ఉద్యోగి నిజంగా వెళ్ళి ఉండాలి. చట్టం తప్పమని యజమాని నేరుగా గానీ చాటుగా గానీ ప్రోత్సహించి ఉండకూడదు. ఈ మూడూ ఉంటే దుకాణం మద్యం పర్మిట్ నిలుస్తుంది. చేరిన 30 రోజుల్లోపు కార్డు తెమ్మని మిమ్మల్ని తొందరపెట్టేది అందుకే. అంటే ఆ కార్డు మీద పేరు మీది, కాపాడేది అతని పర్మిట్‌ను. సందేశం సరిగ్గా తలకిందులుగా చెప్పింది.

మరి అమ్మిన మనిషి సంగతి? మైనర్‌కు మద్యం అమ్మడం 106.03 కింద ఏ తరగతి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లోకెల్లా పెద్ద తరగతి. 4,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. "నాకు తెలియదు, పెద్దవాడిలా కనిపించాడు" అంటే సరిపోదు, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరానికి చాలు. మత్తులో ఉన్నవాడికి అమ్మితే 101.63 కింద 100 నుంచి 500 డాలర్ల జరిమానా, ఏడాది దాకా జైలు. ఈ కేసులు కౌంటరు వెనక నిలబడి డబ్బు తీసుకున్న మనిషి మీద పడతాయి. గంటకు ఇన్ని డాలర్లని పని చేసే పిల్లవాడి మీద. కేసు యజమాని మీదికే పోతుందని రాసినవారు ఈ సెక్షన్‌లలో ఒక్కటైనా తెరిచి చూశారా? చూడకుండా ఇంకొకరి పిల్లల చేతికి ఇంత ధైర్యం ఎలా ఇచ్చారు?

వీసా మీద ఉన్నవారికి ఇది జరిమానాతో తీరిపోదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని వీసా దరఖాస్తు డీఎస్-160లో ప్రశ్న ఉంటుంది. రేపు హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కు వెళ్ళినప్పుడు దానికి జవాబు రాయవలసింది మీరు, మీ యజమాని కాదు.

క్లర్కుకు నిజంగా అక్కరకొచ్చేది అదే 106.03లో రెండో ఉపవిభాగం. మైనర్ తనకు 21 నిండాయని అబద్ధమాడి, ప్రభుత్వం జారీ చేసినట్టే కనిపించే గుర్తింపు కార్డు చూపించి, అందులోని ఫొటో, వివరాలు ఆ మనిషితో సరిపోలితే, అమ్మినవాడిది నేరం కాదు. అంటే మిమ్మల్ని కాపాడేది మీరు ఐడీ అడిగి సరిగా చూడడం. శిక్షణలో ఇదే నేర్పుతారు, పీడీఎఫ్‌లో ఇదే ఉండదు.

సరిగా చూడడమంటే ఇదీ. పర్సులో ప్లాస్టిక్ వెనక ఉన్న కార్డును చూడకండి, బయటికి తీసి చేతికివ్వమనండి. అంచుల మీద వేలు పోనివ్వండి, పొర లేచిందేమో తెలుస్తుంది. టెక్సాస్‌లో 21 నిండనివారి లైసెన్సు నిలువుగా ఉంటుంది. అయితే 21 దాటినా గడువు తీరేదాకా కొందరి దగ్గర ఆ నిలువు కార్డే ఉంటుంది కాబట్టి ఆకారం చూసి ఆగిపోకుండా పుట్టిన తేదీ చదవండి. నెల ముందు, రోజు తర్వాత రాసే ఇక్కడి పద్ధతికి మన కళ్ళు అలవాటుపడడానికి కొంత కాలం పడుతుంది. రద్దీలో 03/11ను నవంబర్ 3 అనుకున్నవారిని చూశాను. ఎత్తు చూడండి, ఫొటోను ముఖంతో పోల్చండి. వరసలో వెనకున్నవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పరీక్షించడానికి టీఏబీసీ మైనర్లను పంపుతుంది. వాళ్ళు మామూలు కస్టమర్లలాగే వస్తారు.

"విద్యార్థులకూ ఇబ్బంది లేదు" అన్న వాక్యం రాసినవారి మీద నాకు కోపం ఉంది. టీఏబీసీ సర్టిఫికెట్ వర్క్ పర్మిట్ కాదు. మీరు పాఠం విని పరీక్ష పాసయ్యారని మాత్రమే అది చెబుతుంది. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. ఓపీటీ, అంటే చదువుతో ముడిపెట్టి ఇచ్చే తాత్కాలిక పని అనుమతి, అది కూడా చదివిన చదువుకు సంబంధించిన పనికే. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేసి గ్యాస్ స్టేషన్ కౌంటరులో కూర్చోవడం అందులోకి రాదు. హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసావారి భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు నిశ్చింతగా చేసుకోవచ్చు. అనుమతి లేనివారికైతే, మద్యం అమ్మిన కేసు, అనుమతి లేని పని, రెండూ ఒకే రాత్రి మెడకు చుట్టుకుంటాయి. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులకు ఆ కబురు ఎవరు చెబుతారు? సందేశం ఫార్వర్డ్ చేసినవారు చెబుతారా?

కాఫీ, నిమ్మరసం. లోపలికి వెళ్ళిన ఆల్కహాల్‌ను కాలేయం తన వేగంతోనే కరిగిస్తుంది, గంటకు సుమారు ఒక ప్రామాణిక డ్రింకు. కాఫీ తాగితే మత్తు దిగదు, మత్తులో ఉన్న మనిషి మెలకువగా ఉంటాడు, అంతే. భోజనం ముందుగా చేస్తే ఎక్కడం నెమ్మదిస్తుంది, దిగడం త్వరపడదు. ప్రామాణిక డ్రింకు అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు, 12 శాతం వైను 5 ఔన్సులు, 40 శాతం విస్కీ ఒకటిన్నర ఔన్సు, అంటే దాదాపు 44 మిల్లీలీటర్లు. మన లెక్కలో లార్జ్ 60 మిల్లీలీటర్లు. నాలుగు లార్జ్‌లు పోసి "నాలుగే కదా" అనుకునేవారు అయిదు దాటించారు.

శనివారం రాత్రి బల్ల దగ్గర నిలబడితే ఇది కళ్ళకు కడుతుంది. మొదటి గ్లాసుకు మెల్లగా మాట్లాడిన మనిషి మూడోదానికి గొంతు పెంచుతాడు. బిల్లు మీద సంతకం గీత దాటిపోతుంది. కారు తాళాల కోసం బల్లంతా వెతుకుతాడు, అవి ఎడమ చేతిలోనే ఉంటాయి. ఆ మనిషికి నిమ్మరసం ఇచ్చి, పావుగంట తర్వాత ఇంకొకటి పోసి పంపమంటుంది ఈ సందేశం. తనకూ ఇతరులకూ స్పష్టంగా ప్రమాదమయ్యేంత మత్తులో ఉన్నవాడికి పోసి, ఆ మత్తే ప్రమాదానికి కారణమైతే, పోసిన వ్యాపారం మీద బాధితులు దావా వేయవచ్చు. టెక్సాస్ శాసనసభ దీన్ని 1987లోనే చట్టం చేసింది. నిమ్మరసం ఇచ్చామన్నది అక్కడ జవాబు కాదు. ఆపాలి, నీళ్ళు ఇవ్వాలి, మేనేజరును పిలవాలి, ఉబర్ పిలిపించాలి.

పిల్లల మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. తల్లి గానీ తండ్రి గానీ చట్టపరమైన సంరక్షకుడు గానీ, లేదా 21 నిండిన భార్యో భర్తో కళ్ళెదుట ఉండగా మైనర్ తాగడాన్ని టెక్సాస్ చట్టం నిజంగానే అనుమతిస్తుంది. ఈ ఒక్క చోట సందేశం నాకు తెలిసిన చాలామంది మేనేజర్ల కంటే సరిగా చెప్పింది. కానీ కొనవలసింది ఆ పెద్దవారు, మీరు మైనర్‌కు అమ్మకూడదు. బాబాయి, మేనమామ, అన్నయ్య స్నేహితుడు ఇందులోకి రారు. మన బర్త్‌డే పార్టీల్లో పక్కన నిలబడి "నేనున్నానుగా, పోసెయ్" అనేది ఎక్కువగా వీళ్ళే. పైగా రెస్టారెంట్ తన నియమంగా దీన్ని పూర్తిగా నిరాకరించవచ్చు.

శిక్షణ కావలసినవారు టీఏబీసీ వెబ్‌సైట్‌లో ఉన్న గుర్తింపు పొందిన స్కూళ్ళ జాబితా నుంచి ఒకటి ఎంచుకుని పూర్తిగా వినండి. చేరేటప్పుడు మద్యం అమ్మకంపై దుకాణం నియమాలు రాతలో చూపించమని యజమానిని అడగండి. "మనవాడే, అమ్మేయ్" అని ఆయన అన్న రోజున 106.14 ఇచ్చే రక్షణను ఆయన తన చేతులతోనే పోగొట్టుకుంటున్నాడని ఆయనకే చెప్పండి. చాలామంది యజమానులకు ఆ మూడో షరతు సంగతి తెలియదు.